కారులోని కంప్యూటర్లు, వాటి భద్రత: తరచుగా అడిగే ప్రశ్నలు

కార్ల టెక్నాలజీ మీద ఆసక్తి ఉందని తెలిసి నన్ను పలకరించేవాళ్ళలో ఎక్కువమంది ముందు అడిగేది బ్రేకుల గురించే. "ఎవడో ఎక్కడో కూర్చుని నా బ్రేకులు ఆపేస్తాడా?" అని. తాళంచెవి గురించి మాత్రం ఎవరూ అడగరు. నిజానికి కార్లు పోతున్నది ఆ తాళంచెవి దగ్గరే. అందుకే ఇక్కడ రెండిటి గురించీ రాశాను, తాళంచెవి గురించి కాస్త ఎక్కువగానే.

మాది మామూలు పెట్రోల్ కారు. అందులో కంప్యూటర్ ఎక్కడుంది?

ఒకటి కాదు, పదుల సంఖ్యలో ఉంటాయి. ఇంజిన్‌లోకి ఎంత పెట్రోల్ చిమ్మాలో లెక్కగట్టేది ఒకటి. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు పట్టేయకుండా చూసేది (ఏబీఎస్) ఇంకొకటి. ఎయిర్‌బ్యాగ్‌కు వేరే, పవర్ స్టీరింగ్‌కు వేరే, తలుపులకు, అద్దాలకు కూడా వేరే. వీటిని ఈసీయూలు అంటారు. ఖరీదైన కార్లలో ఇవి వంద దాకా ఉంటాయి.

ఒకప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే దానికి కట్టిన కేబుల్ లాగి, ఇంజిన్‌లోకి గాలి వెళ్ళే దారి తెరుచుకునేది. ఇప్పుడు పెడల్ దగ్గర ఉన్న సెన్సార్ "ఇంత తొక్కారు" అని కబురు పెడుతుంది, మిగతాది కంప్యూటర్ చూసుకుంటుంది. అంటే మీ కాలికీ ఇంజిన్‌కీ మధ్య ఒక మధ్యవర్తి చేరాడు. అతను ఎవరి మాట వింటాడన్నదే అసలు సంగతి.

ఈ ఈసీయూలు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయి? అందులో లోపం ఏమిటి?

చాలా కార్లలో "క్యాన్ బస్" అనే తీగల జత మీద. దీన్ని జర్మనీ కంపెనీ బాష్ తయారుచేసి 1986లో లోకానికి చూపించింది. అప్పటిదాకా ప్రతి పరికరానికీ విడివిడిగా తీగలు లాగేవారు. కారు నిండా కిలోల కొద్దీ రాగి. క్యాన్ వచ్చాక ఒకే జత తీగలకు అన్నిటినీ తగిలించేస్తే సరిపోయింది. ఆ రోజుల్లో అది నిజంగా గొప్ప ఆలోచన.

ఒక చీకటి గదిలో పదిమంది కూర్చున్నారనుకోండి. ఎవరో "చక్రాల వేగం అరవై" అంటారు. ఆ మాట అవసరమున్నవాళ్ళు వింటారు, మిగతావాళ్ళు వదిలేస్తారు. అన్నది ఎవరో ఎవరికీ కనపడదు, ఎవరూ అడగరు కూడా. క్యాన్ బస్ సరిగ్గా ఇలాగే పనిచేస్తుంది. మామూలు క్యాన్ సందేశంలో పట్టే సమాచారం 8 బైట్లు మాత్రమే. దాని ముందు ఒక నంబర్ ఉంటుంది. ఆ నంబర్ ఇది దేని గురించిన సందేశమో చెబుతుంది తప్ప, పంపినవారెవరో చెప్పదు. సంతకం లేదు, పాస్‌వర్డ్ లేదు. పైగా చిన్న నంబర్ ఉన్న సందేశానికే ముందు దారి ఇవ్వాలన్నది నియమం. కాబట్టి ఒక తుంటరి పరికరం అతి చిన్న నంబర్‌తో ఆపకుండా అరుస్తూ ఉంటే మిగతావాటికి నోరు విప్పే సందే దొరకదు.

దీన్ని రూపొందించినవాళ్ళు తెలివితక్కువవాళ్ళేమీ కాదు. అప్పట్లో ఆ తీగలను ముట్టుకోవాలంటే కారు విప్పాల్సిందే. కారు విప్పగలిగినవాడు బ్రేకు పైపు కూడా కోయగలడు కదా! ఆ లెక్క అప్పటికి సరైనదే. తర్వాత అదే తీగలకు ఎక్కడో ఒకచోట బ్లూటూత్, వైఫై, సిమ్ కార్డు ఉన్న టచ్‌స్క్రీన్ వచ్చి చేరడంతో లెక్క తప్పింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఒక్కసారి లోపలికి వచ్చినవాడిని క్యాన్ బస్ ఇంటివాడనే అనుకుంటుంది.

కొత్త కార్లలో టచ్‌స్క్రీన్ వైపు తీగలకూ, ఇంజిన్-బ్రేకుల వైపు తీగలకూ మధ్య "గేట్‌వే" అనే కాపలాదారును పెడుతున్నారు. ముఖ్యమైన సందేశాలకు సంతకం జోడించే పద్ధతులు కూడా వస్తున్నాయి. కానీ ఒక మోడల్ మార్కెట్లోకి రావడానికి ఏళ్ళు పడుతుంది, వచ్చాక పదిహేనేళ్ళు రోడ్డు మీద ఉంటుంది. మార్పు మన కంటికి కనిపించాలంటే చాలాకాలం ఆగాలి.

నడుస్తున్న కారును దూరం నుంచి హ్యాక్ చేయడం నిజంగా జరిగిందా?

జరిగింది. అందరూ చెప్పుకునే ఉదాహరణ 2015 జూలై నాటిది. చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఇంట్లో సోఫాలో కూర్చున్నారు. ముందే మాట్లాడుకున్న ప్రకారం ఒక పత్రికా రచయిత సెయింట్ లూయిస్ దగ్గర హైవే మీద జీప్ చెరోకీ నడుపుతున్నాడు. మొదట ఏసీ దానంతటదే ఫుల్ స్పీడ్‌లో తిరిగింది. రేడియో హోరెత్తింది, ఎంత తిప్పినా తగ్గలేదు. వైపర్లు ఆడాయి. తర్వాత యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి ముందుకు కదలడం మానేసింది, వెనక లారీలు హారన్ కొడుతుండగా! ఆ తర్వాత ఒక ఖాళీ స్థలంలో, తక్కువ వేగంలో, బ్రేకులు పనిచేయకుండా కూడా చేసి చూపించారు. కారు గోతిలోకి దిగింది.

ఎలా చేశారంటే, ఆ కారు టచ్‌స్క్రీన్‌లో ఇంటర్నెట్ కోసం మొబైల్ కనెక్షన్ ఉంది. దానిలో ఒక తలుపు గడియ వేయకుండా వదిలేశారు. అదే నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్ళు కారు ఇంటర్నెట్ అడ్రస్ తెలిస్తే చాలు, పాస్‌వర్డ్ లేకుండా లోపలికి వెళ్ళొచ్చు. టచ్‌స్క్రీన్‌కూ క్యాన్ బస్‌కూ మధ్య ఒక చిప్ ఉంది. దానిలోని సాఫ్ట్‌వేర్‌ను మార్చేసినా "ఇది కంపెనీ ఇచ్చిందేనా?" అని కారు అడగలేదు. అక్కడితో వాళ్ళు ఇంటి మనుషులైపోయారు.

ఫలితంగా ఫియట్ క్రైస్లర్ 14 లక్షల వాహనాలకు రీకాల్ (లోపం సరిచేయడానికి వెనక్కి పిలవడం) ప్రకటించింది. చాలామంది యజమానులకు అప్‌డేట్ ఉన్న యూఎస్‌బీ డ్రైవ్‌ను పోస్టులో పంపింది. (పోస్టులో వచ్చిన యూఎస్‌బీని కారుకు పెట్టుకోమనడం భద్రతా పాఠాల్లో చివరి బెంచీ పని, అది వేరే కథ.)

ఇది హఠాత్తుగా బయటపడిందా? ముందు ఎవరికీ తెలియదా?

తెలుసు. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం, శాన్ డియెగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2010లోనే కారు లోపలి నెట్‌వర్క్‌కు తగులుకుంటే బ్రేకులు సహా దాదాపు అన్నిటినీ శాసించవచ్చని చూపించారు. "లోపల కూర్చుంటే ఏమైనా చేయొచ్చులే" అన్నారు విన్నవాళ్ళు. దాంతో మరుసటి ఏడాది దూరం నుంచి కూడా చేసి చూపించారు. బ్లూటూత్ ద్వారా, మొబైల్ నెట్‌వర్క్ ద్వారా, చివరికి ఒక సీడీ ద్వారా. ఆ సీడీలోని పాట కంప్యూటర్‌లో పెడితే మామూలు పాటలాగే వినిపిస్తుంది. కారులో పెడితే పాటతో పాటు క్యాన్ బస్ మీదికి సందేశాలూ వెళ్తాయి. నాకు ఈ మొత్తం చరిత్రలో బాగా నచ్చిన ప్రయోగం ఇదే.

అయితే రేపు నా బ్రేకులు ఎవరైనా ఆపేస్తారా?

మీరు దానికి టెన్షన్ పడనక్కర్లేదనే నా అభిప్రాయం. పైన చెప్పినవన్నీ పరిశోధకులు నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ళ తరబడి ఒకే మోడల్ మీద కూర్చుని చేసినవి. దొంగకు కావలసింది డబ్బు. మీ కారును గోతిలో పడేస్తే అతనికి పైసా రాదు, ఎత్తుకుపోతే వస్తుంది.

ఆలోచించాల్సిన ఇంకో రకం ప్రమాదం ఉంది. 2010లో అమెరికాలోని ఆస్టిన్‌లో వందకు పైగా కార్లు ఒక్కసారిగా మొండికేశాయి. కొన్ని స్టార్ట్ కాలేదు, కొన్ని వేళకాని వేళ హారన్ మోగించాయి. వాయిదాలు కట్టనివారి కార్లను దూరం నుంచి ఆపడానికి ఒక డీలర్ వాటిలో పరికరాలు బిగించాడు. ఉద్యోగం పోయిన ఒక కుర్రాడు పాత సహోద్యోగి పాస్‌వర్డ్‌తో ఆ సిస్టమ్‌లోకి వెళ్ళి ఆ పని చేశాడు. ఇందులో హ్యాకింగ్ నైపుణ్యం ఏమీ లేదు. ఒక్క సర్వర్ నుంచి వందల కార్లను ఆపే మీట ఉంటే, ఏదో ఒకరోజు దాని మీద తప్పుడు చెయ్యి పడుతుంది.

మరి దొంగలు ఏ దారిన వస్తున్నారు?

ఎక్కువగా కీలెస్ ఎంట్రీ దారిన. కీ జేబులో ఉంచుకుని తలుపు హ్యాండిల్ పట్టుకుంటే తెరుచుకునే సౌకర్యం ఉంది చూడండి, అదే.

హ్యాండిల్ పట్టుకోగానే కారు చిన్న గొంతుతో "కీ దగ్గర్లో ఉందా?" అని అడుగుతుంది. ఆ సిగ్నల్ ఒకటి రెండు మీటర్లకు మించి పోకూడదని దాని ఉద్దేశం. అది విన్న కీ రహస్య కోడ్‌తో జవాబిస్తుంది. కీ జవాబిచ్చిందంటే దగ్గర్లోనే ఉందని కారు నమ్ముతుంది. లొసుగంతా ఆ నమ్మకంలోనే.

ఇద్దరు దొంగలు వస్తారు. ఒకడు కారు పక్కన, ఇంకొకడు మీ ఇంటి గుమ్మం దగ్గర, చేతిలో బ్యాగంత యాంటెన్నాతో. కారు అడిగిన ప్రశ్నను మొదటివాడు పట్టి రెండోవాడికి పంపుతాడు. అది తలుపు అవతల ఉన్న మీ కీకి వినపడుతుంది. పాపం కీ నిజాయితీగా జవాబిస్తుంది. ఆ జవాబు కారుకు చేరుతుంది. తలుపు తెరుచుకుంటుంది, ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. దీన్ని రిలే దాడి అంటారు. ఇక్కడ ఎవరూ కోడ్‌ను ఛేదించడం లేదు. అద్దం పగలదు, అలారం మోగదు, పని నిమిషంలో అయిపోతుంది.

జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 8 కంపెనీల 10 మోడళ్ళ మీద దీన్ని ప్రయత్నించి, అన్నీ లొంగిపోతాయని 2011లోనే ప్రచురించారు. పదేళ్ళ తర్వాత కూడా అదే లొసుగుతో కొత్త కార్లు అమ్మడాన్ని నేను నిర్లక్ష్యమనే అంటాను.

పరిష్కారాలు లేకపోలేదు. కొన్ని కీలు కాసేపు కదలకుండా ఉంటే నిద్రపోతాయి. బల్ల మీద పెట్టిన కీ ఎవరు పిలిచినా పలకదు. అంతకంటే మంచిది అల్ట్రా వైడ్ బ్యాండ్. ఇది సిగ్నల్ ఎంత గట్టిగా ఉందో కాదు, వచ్చి వెళ్ళడానికి ఎంత సమయం పట్టిందో కొలుస్తుంది. రేడియో తరంగం నానోసెకనుకు సుమారు 30 సెంటీమీటర్లే పోతుంది. దొంగ ఆ సిగ్నల్‌ను ఎంత పెంచినా దూరాన్ని తగ్గించలేడు. కొత్త కారు కొనేటప్పుడు సన్‌రూఫ్ గురించి అడిగే ముందు ఇది ఉందో లేదో అడగండి.

కీని అల్యూమినియం రేకులో చుట్టమంటారు. నిజంగా పనిచేస్తుందా?

సూత్రం సరైనదే. లోహపు తొడుగు సిగ్నల్‌ను ఆపుతుంది. కాకపోతే వంటింటి రేకు రెండు రోజుల్లో చిరుగుతుంది. సిగ్నల్ ఆపే పౌచ్‌లు విడిగా దొరుకుతాయి. అవి కూడా మడతల దగ్గర అరిగిపోతాయి. కాబట్టి అప్పుడప్పుడు పరీక్షించండి. కీని పౌచ్‌లో వేసి కారు దగ్గరకు వెళ్ళి హ్యాండిల్ లాగండి. తెరుచుకుంటే పౌచ్ మార్చే వేళయింది.

అందరూ మరిచిపోయేది రెండో కీ. రోజూ వాడేదాన్ని భద్రంగా పౌచ్‌లో పెట్టి, స్పేర్ కీని గుమ్మం పక్క మేకుకు తగిలిస్తే ఏం లాభం? తాళం వేసి గొళ్ళెం మరిచినట్టే. కొన్ని కార్లలో కీలెస్ సౌకర్యాన్ని పూర్తిగా ఆపేసుకోవచ్చు. ఇంకొన్నిటిలో పిన్ కొడితేనే బండి కదిలేలా పెట్టుకోవచ్చు. అవి ఉంటే పౌచ్ కంటే మేలు.

మాది బటన్ నొక్కే రిమోట్. సేఫేనా?

రిలే దాడి నుంచి సేఫే. ఎందుకంటే మీరు నొక్కితే తప్ప అది మాట్లాడదు. నొక్కిన ప్రతిసారీ కొత్త కోడ్ పంపుతుంది కాబట్టి పాతదాన్ని రికార్డ్ చేసి వాడటం కూడా కుదరదు.

దీనికీ ఒక ఎత్తు ఉంది. 2015లో శామీ కామ్‌కార్ అనే పరిశోధకుడు 32 డాలర్ల విడిభాగాలతో ఒక చిన్న పెట్టె చేశాడు. మీరు బటన్ నొక్కగానే అది సిగ్నల్‌ను కారుకు చేరనివ్వకుండా గోల పెట్టి, ఆ కోడ్‌ను తాను దాచుకుంటుంది. "ఏంటిది, తెరుచుకోలేదే" అని మీరు మళ్ళీ నొక్కుతారు. రెండో కోడ్‌నూ పట్టుకుని, మొదటిదాన్ని కారుకు పంపుతుంది. తలుపు తెరుచుకుంటుంది, మీకు అనుమానం రాదు. రెండో కోడ్ వాడకుండా పెట్టెలో మిగిలిపోతుంది.

2016లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు బయటపెట్టింది ఇంకా పెద్దది. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు ఇరవై ఏళ్ళుగా అమ్మిన దాదాపు 10 కోట్ల కార్ల రిమోట్‌లు చేతివేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని మాస్టర్ కోడ్‌ల మీదే ఆధారపడ్డాయని తేలింది. అయితే దీంతో తలుపే తెరుచుకుంటుంది, ఇంజిన్ స్టార్ట్ కాదు.

ఇవేవీ లేకుండా, సిగ్నల్‌ను అడ్డుకునే ఉత్త జామర్‌తో పని కానిచ్చేవాళ్ళూ ఉన్నారు. మీరు లాక్ నొక్కుతూ నడిచి వెళ్ళిపోతారు, సిగ్నల్ కారుకు చేరదు. వెనక్కి తిరిగి ఒకసారి హ్యాండిల్ లాగి చూడటమే దీనికి మందు.

హెడ్‌లైట్ విప్పి కారు ఎత్తుకెళ్ళారని విన్నాను. అదెలా?

ఇది కీని అసలు పట్టించుకోని దొంగతనం. 2022లో లండన్‌లో ఒకరి టొయోటా రావ్4 కారు బంపర్, హెడ్‌లైట్ ఊడదీసి ఉన్నాయి. ఆకతాయిల పనిలే అనుకున్నాడు. కొన్నాళ్ళకు మళ్ళీ అలాగే. ఆ తర్వాత కారే మాయమైంది. ఆ దొంగలకు తెలియని విషయం ఏమిటంటే, ఆ యజమాని వృత్తే కార్ల సైబర్ భద్రత! ఆయనా, క్యాన్ నిపుణుడు కెన్ టిండెల్ కలిసి ఆ పరికరం ఎలా పనిచేస్తుందో విప్పి చూశారు. టిండెల్ 2023లో దాన్ని వివరంగా రాశాడు.

ఈ రోజుల్లో హెడ్‌లైట్‌కు కూడా క్యాన్ బస్ తీగ వెళ్తుంది. బయటి నుంచి చెయ్యి పెడితే అందే తీగ అది. దొంగ తన పరికరాన్ని దానికి తగిలించి "సరైన కీ వచ్చింది, తలుపు తియ్యి" అన్న సందేశం పంపుతాడు. చీకటి గది గుర్తుందా? ఎవరన్నారో ఎవరూ అడగరు. పరికరాన్ని మామూలు బ్లూటూత్ స్పీకర్ డొల్లలో అమర్చి అమ్ముతున్నారు, పోలీసులు తనిఖీ చేసినా పాటల పెట్టె అనుకునేలా.

పౌచ్ దీన్ని ఆపలేదు. స్టీరింగ్‌కు వేసే ఇనుప లాక్ ఆపుతుంది, కనీసం ఆలస్యం చేస్తుంది. మోటుగా కనిపించే ఆ లాక్‌ను నేను ఈమధ్య కొత్త గౌరవంతో చూస్తున్నాను.

ఫోన్ యాప్‌తో కారు తెరవడం, ఏసీ వేయడం మంచిదేనా?

సౌకర్యమే. కానీ అక్కడితో మీ కారు తాళం కంపెనీ వెబ్‌సైట్ చేతికి వెళ్ళినట్టే. వెబ్‌సైట్‌లో తప్పుంటే మీ కారులో ఏ తప్పూ లేకపోయినా తలుపు తెరుచుకుంటుంది.

2016లో నిస్సాన్ లీఫ్ యాప్‌కు కారు ఛాసిస్ నంబర్ తెలిస్తే చాలని బయటపడింది. ఆ నంబర్ ముందు అద్దంలోంచి అందరికీ కనిపిస్తుంది! అదృష్టవశాత్తూ ఆ యాప్‌తో ఏసీ నడపడం, ప్రయాణాల వివరాలు చూడటం వరకే వీలయ్యేది. 2024లో కియా డీలర్ల వెబ్‌సైట్‌లోని లోపం వల్ల నంబర్ ప్లేట్ ఆధారంగానే కారును కనిపెట్టి, తలుపు తెరిచి, స్టార్ట్ చేయవచ్చని భద్రతా పరిశోధకుడు శామ్ కర్రీ బృందం చూపించింది. అదే ఏడాది చివర్లో ఆయనే ఇంకొకరితో కలిసి సుబారు ఉద్యోగులు వాడే పోర్టల్‌లోకి దూరి చూస్తే, కార్లు ఏడాదిగా ఎక్కడెక్కడ తిరిగాయో కనిపించింది. ఈ రెండిటినీ కంపెనీలు సరిదిద్దాకే బయటి ప్రపంచానికి చెప్పారు.

ఇలాంటి వాటిలో మనం చేయగలిగింది తక్కువ. చేయగలిగినదైనా చేద్దాం. కారు యాప్‌కు వేరే ఎక్కడా వాడని పాస్‌వర్డ్ పెట్టండి, రెండంచెల ధృవీకరణ ఉంటే ఆన్ చేయండి. మైలేజీ లెక్కలు, గ్రాఫులు చూపిస్తామనే బయటి యాప్‌లకు కారు ఖాతా ఇవ్వకండి. 2022లో జర్మనీకి చెందిన 19 ఏళ్ళ కుర్రాడు 13 దేశాల్లో 25కు పైగా టెస్లా కార్ల తలుపులు తెరవగలనని ప్రకటించాడు. లోపం టెస్లాలో కాదు, యజమానులు సరదాగా పెట్టుకున్న ఒక బయటి సాఫ్ట్‌వేర్‌లో.

కారు నా గురించి ఏమేం దాచుకుంటుంది?

ఎక్కడికి వెళ్ళారు, ఎంత వేగంతో వెళ్ళారు, ఎక్కడ ఎంతసేపు ఆగారు, ఎవరికి ఫోన్ చేశారు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వెనక ఉన్న మొజిల్లా ఫౌండేషన్ 2023లో 25 కార్ల బ్రాండ్ల గోప్యతా విధానాలు చదివి ఒక్కదానికీ పాస్ మార్కులు వేయలేదు. 2024 డిసెంబరులో ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు సాఫ్ట్‌వేర్ సంస్థ దగ్గర సుమారు 8 లక్షల ఎలక్ట్రిక్ కార్ల సమాచారం క్లౌడ్‌లో సరైన రక్షణ లేకుండా పడి ఉందని తేలింది. చాలా కార్ల విషయంలో అవి ఎక్కడ ఆగాయో కూడా అందులో ఉంది. ఒక కారు రోజూ రాత్రి ఎక్కడ ఆగుతుందో తెలిస్తే యజమాని పేరు తెలుసుకోవడం ఎంతసేపు?

పాత కారు కొంటున్నాను. దేనికి జాగ్రత్తపడాలి?

నేను ఒకసారి సెకండ్ హ్యాండ్ కారు కొని, స్క్రీన్ మీద ఫోన్ గుర్తు నొక్కితే నాకు తెలియని ఒక కుటుంబమంతా వరసగా కనిపించింది. "అమ్మ", "డాక్టర్", "స్కూల్ వ్యాన్". మ్యాప్‌లో వాళ్ళ ఇల్లు కూడా ఉంది. అమ్మినాయన టైర్లు కూడా తుడిచి ఇచ్చాడు గానీ దీన్ని తుడవలేదు.

దీనికి తిరగబడిన రూపం ఇంకా ప్రమాదం. 2017లో ఐబీఎమ్‌కు చెందిన చార్లెస్ హెండర్సన్ తన పాత కారును అమ్మేసి ఏళ్ళు గడిచినా, ఆ కారు ఎక్కడుందో తన ఫోన్‌లోనే చూడగలుగుతున్నానని, తలుపు కూడా తెరవగలనని చెప్పాడు. అమ్మేముందు ఆయన కారులోని సమాచారం చెరిపేశాడు కూడా. కానీ కంపెనీ సర్వర్‌లో యజమాని పేరు మారలేదు.

కాబట్టి కొన్నాక స్క్రీన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే సరిపోదు. పాత యజమాని ఖాతాను కంపెనీ దగ్గర తీయించాలి. సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టి కారులో ఎన్ని కీలు నమోదై ఉన్నాయో చూడమనండి. మీ చేతిలో రెండుంటే అక్కడ మూడు చూపిస్తే, మూడోది ఎవరి జేబులోనో ఉంది. పాతవన్నీ చెరిపి మీ దగ్గరున్నవే మళ్ళీ నమోదు చేయించండి.

స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్ట్‌లో డాంగిల్ పెట్టి వదిలేయొచ్చా?

వదిలేయకండి. ఓబీడీ పోర్ట్ మెకానిక్ కోసం పెట్టిన తలుపు. డాంగిల్ అంటే దానిలో గుచ్చే చిన్న పరికరం. అమెరికాలో 1996 నుంచి ఇది తప్పనిసరి. అక్కడినుంచి క్యాన్ బస్‌కు దారి ఉంటుంది. 2015లో శాన్ డియెగో పరిశోధకులు ఇన్సూరెన్స్ కోసం పెట్టే ఒక డాంగిల్‌కు ఎస్ఎంఎస్ పంపి, కార్వెట్ కారు వైపర్లను తిప్పారు, నెమ్మదిగా పోతున్నప్పుడు బ్రేకులు పడకుండా కూడా చేశారు. చౌకరకం బ్లూటూత్ డాంగిల్స్‌లో పిన్ చాలావరకు 1234 లేదా 0000. పని అయిపోగానే తీసి డ్యాష్‌బోర్డ్ అరలో పడేయండి.

అప్‌డేట్ వచ్చిందంటే వాయిదా వేస్తుంటాను. ఏమవుతుంది?

2016లో చైనాకు చెందిన కీన్ ల్యాబ్ బృందం టెస్లా మోడల్ ఎస్‌లోకి దూరం నుంచి చొరబడి బ్రేకులు వేయించింది. విషయం తెలిసిన 10 రోజుల్లో టెస్లా అప్‌డేట్‌ను గాలి మీదే కార్లకు పంపేసింది. జీప్‌కు పోస్టులో యూఎస్‌బీ, దీనికి ఇంట్లో ఉండగానే మరమ్మతు. గాలి మీద వచ్చే అప్‌డేట్ కూడా లోపలికి ఒక దారే, నిజమే. కానీ సంతకం సరిచూసి తీసుకునేలా కట్టిన దారి. వాయిదా వేసినన్నాళ్ళూ, లోకానికంతా తెలిసిపోయిన కన్నంతో తిరుగుతున్నట్టే. ప్రయాణానికి ముందు కాకుండా, బండి తీరిగ్గా నిలబడి ఉన్నప్పుడు వేసుకోండి.

ఎలక్ట్రిక్ కార్లకు ప్రమాదం ఎక్కువా?

ఎలక్ట్రిక్ అయినందుకు కాదు, ఇంటర్నెట్‌తో ఎక్కువగా ముడిపడి ఉన్నందుకు. అదనంగా ఉండేది ఛార్జింగ్ ఒకటే. 2022లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు కొంత దూరం నుంచే రేడియో గోల పెట్టి ఫాస్ట్ ఛార్జింగ్ ఆగిపోయేలా చేశారు. చిరాకే తప్ప కారుకు నష్టం లేదు.

కెమెరాలను, సెన్సార్లను మోసం చేయొచ్చా?

చేయొచ్చు, ఒక్కోసారి నవ్వొచ్చేంత తేలిగ్గా. 2020లో యాంటీవైరస్ కంపెనీ మెకాఫీ పరిశోధకులు 35 అని ఉన్న స్పీడ్ బోర్డు మీద, 3 అంకె మధ్య గీతను కాస్త పొడిగిస్తూ చిన్న నల్ల టేపు ముక్క అంటించారు. పాత టెస్లా కెమెరా దాన్ని 85గా చదివి వేగం పెంచడం మొదలుపెట్టింది. కొత్త తరం కెమెరాలు ఆ ట్రిక్‌కు పడలేదు. టైరు గాలి చెప్పే సెన్సార్ల సిగ్నల్‌ను 40 మీటర్ల దూరం నుంచి పట్టవచ్చని, తప్పుడు హెచ్చరిక పంపవచ్చని 2010లోనే చూపించారు. దారిలో గాలి హెచ్చరిక వస్తే, నిర్మానుష్యంగా ఉన్నచోట కాకుండా నలుగురూ ఉన్నచోట ఆపి చూసుకోండి. హ్యాకర్లు లేకపోయినా అది మంచి అలవాటే.

ప్రభుత్వాలు ఏమీ చేయవా?

చేశాయి, ఆలస్యంగా. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో 2020 జూన్‌లో ఆర్155 అనే నిబంధన ఆమోదం పొందింది. కారు తయారీలో మొదటినుంచీ సైబర్ భద్రత చూసుకున్నామని, అమ్మాక కూడా గమనిస్తున్నామని కంపెనీ నిరూపించుకోవాలి. యూరోపియన్ యూనియన్ దీన్ని 2022 జూలై నుంచి కొత్త మోడళ్ళకు, 2024 జూలై నుంచి కొత్తగా అమ్మే అన్ని కార్లకు తప్పనిసరి చేసింది. ఆ గడువుకు పోర్షే తన పెట్రోల్ మకాన్‌ను అక్కడ అమ్మడమే మానేసింది. పాత డిజైన్‌ను కొత్త నిబంధనకు సరిపెట్టడం కంటే ఆపేయడమే నయమనుకుంది. కాగితం మీద నియమానికి పళ్ళున్నాయని నాకు అప్పుడు నమ్మకం కలిగింది.

ఇదంతా ఎందుకు, కంప్యూటర్ లేని పాత కారే నయం కదా?

ఆ మాట అనే ముందు అమెరికాలో జరిగింది చూడండి. అక్కడ కొన్నేళ్ళ పాటు అమ్మిన చాలా కియా, హ్యుందాయ్ కార్లలో ఇమ్మొబిలైజర్ లేదు. అంటే కీలో ఉన్న చిప్‌ను గుర్తుపట్టి తప్ప స్టార్ట్ కానివ్వని ఏర్పాటు లేదు. 2021, 2022లో కుర్రాళ్ళు స్టీరింగ్ కింది ప్లాస్టిక్ ఊడదీసి, యూఎస్‌బీ కేబుల్ కొసతో తాళం తిప్పి కార్లు ఎత్తుకెళ్ళారు. వీడియోలు తీసి పెట్టారు కూడా. చివరికి 2023లో కంపెనీలు సుమారు 83 లక్షల కార్లకు ఉచితంగా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ప్రకటించాల్సి వచ్చింది. అక్కడ దొంగకు పని తేలికైంది కంప్యూటర్ ఉన్నందుకు కాదు, ఉండాల్సిన చోట లేనందుకు. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగులు కాపాడే ప్రాణాల సంగతి సరేసరి.

నా కారు హ్యాక్ అయిందని ఎలా తెలుస్తుంది?

డ్యాష్‌బోర్డ్ మీద లైట్లన్నీ ఒక్కసారి వెలిగితే ముందు బ్యాటరీ చూపించండి. బలహీనమైన బ్యాటరీ ఈసీయూల చేత పలికించే అబద్ధాలు ఏ హ్యాకరూ పలికించలేడు. 2022 జనవరిలో సియాటిల్ ప్రాంతంలో 2014-2017 మధ్య తయారైన కొన్ని మజ్దా కార్ల స్క్రీన్లు ఆగకుండా రీస్టార్ట్ అవడం మొదలైంది. రేడియో ఒకే స్టేషన్ మీద ఇరుక్కుపోయింది. చూస్తే అచ్చం హ్యాకింగే. తీరా చూస్తే ఆ స్టేషన్ పాటతో పాటు పంపే బొమ్మ ఫైలు పేరు చివర ఉండాల్సిన నాలుగక్షరాలు లేవు. అది చూసి స్క్రీన్‌కు మతిపోయింది, అంతే.

అనుమానించాల్సినవి వేరే ఉన్నాయి. యాప్‌లో మీకు తెలియని ఫోన్ కనిపించడం. మీరు అడగకుండానే పాస్‌వర్డ్ మార్పు మెయిల్ రావడం. సర్వీస్‌లో కీల లెక్క పెరగడం. అన్నిటికంటే ముఖ్యం, ఏ కారణం లేకుండా బంపర్ మూల ఊడి ఉండటం, హెడ్‌లైట్ పక్కన ప్లాస్టిక్ విరిగి ఉండటం. లండన్‌లో ఆయన రెండుసార్లు అది చూసి ఆకతాయిలనుకున్నాడు. మీకు ఒక్కసారి కనిపించినా ఫొటో తీసి పోలీసులకు చెప్పండి. ఆ రాత్రి నుంచే కారును వేరే చోట పెట్టండి, స్టీరింగ్ లాక్ వేయండి.